అంగారకుని మట్టిని అందుకునే గాలితిత్తి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి కార్యదర్శిగారు సవివరంగా చెప్పారు. అందులో నేను కలపవలసింది ఏమీ లేదు. మన బాధలు కాని విషయం ఒకటి పది నిమిషాలు మాట్లాడమని అధ్యక్షులవారు ఆదేశించారు. కిందటి సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న నాకు గుర్తుకొచ్చింది. "అంగారక గ్రహం నుంచి గుప్పెడు మట్టి తేవడానికి వేలకోట్లు ఎందుకండీ? అసలు అక్కడినుంచి ఎలా తెస్తారు?" అని ఆయన అడిగారు. దానికి నాకు తెలిసినంతలో ఇవాళ జవాబు చెబుతాను. నేను ఆర్ట్స్ గ్రూపు చదివినవాణ్ణి. ముప్పై అయిదేళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. రిటైరైన తరువాత లైబ్రరీలో కూర్చుని చదివినదే నా పెట్టుబడి. కాబట్టి సైంటిస్టు భాషలో కాక, మన ఆఫీసు భాషలోనే మనవి చేస్తాను.

సరుకు సిద్ధంగా ఉంది

అమెరికావారి పెర్సెవరెన్స్ అనే రోవరు 2020 జూలై 30న బయలుదేరి, 2021 ఫిబ్రవరి 18న అంగారకునిపై జెజెరో అనే పెద్ద గుంటలో దిగింది. అక్కడ ఒకప్పుడు చెరువు ఉండేది, దానిలోకి ఏరు వచ్చి కలిసేది. ఈ రోవరు రాళ్ళకు బెజ్జం వేసి, సుద్దముక్కంత రాతిని తీసి టైటానియం గొట్టంలో పెట్టి మూత బిగిస్తుంది. అలాంటి గొట్టాలు 43 ఇచ్చి పంపారు. వాటిలో 5 పరీక్ష గొట్టాలు. నమూనాల్లో మనం భూమినుంచి మోసుకెళ్ళిన మలినం ఏదైనా కలిసిందా అని సరిచూసుకోవడానికి అవి. 2022 డిసెంబరు, 2023 జనవరి మధ్య పది గొట్టాలను త్రీ ఫోర్క్స్ అని పేరుపెట్టిన చోట నేలమీద జాగ్రత్తగా, ఒక్కొక్కటి ఎక్కడుందో పటం గీసి మరీ పెట్టారు. మిగతావి రోవరు కడుపులోనే ఉన్నాయి.

2024 జూలైలో ఒక పాత నది దారిలో చిరుతపులి చర్మంలాగా మచ్చలున్న రాయి ఒకటి దొరికింది. దాని పేరు చెయావా ఫాల్స్. దానినుంచి తీసిన నమూనాకు సఫైర్ కాన్యన్ అని పేరు పెట్టారు. ఆ మచ్చల్లో ఇనుముతో కూడిన ఖనిజాలు ఉన్నాయి. భూమిమీద అలాంటివి చాలాసార్లు సూక్ష్మజీవుల పనివల్ల ఏర్పడతాయి, జీవం లేకుండా కూడా ఏర్పడవచ్చు. ఏదన్నది రోవరు తేల్చలేదు. ఒకప్పటి జీవానికి గుర్తు కావచ్చునని 2025 సెప్టెంబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఖాయం చేయాలంటే ఆ గొట్టం భూమిమీద ప్రయోగశాలకు రావాలి. రోవరులో పట్టే పరికరం వేరు, ఒక భవనమంతా నిండే పరికరం వేరు. చంద్రునినుంచి 1969, 1972 మధ్య అపోలో యాత్రికులు 382 కిలోల రాళ్ళు తెస్తే, ఆనాడు పుట్టని పరికరాలతో వాటిని నేటికీ పరిశీలిస్తున్నారు. తెచ్చిన రాయి విలువ అది.

చేతులు మారే పద్ధతి

తపాలా సెక్షనులో పనిచేసినవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. ఒకే వాహనం అంగారకుని నేలమీద దిగి, మళ్ళీ ఎగిరి, భూమిదాకా రావాలంటే మోయవలసిన ఇంధనం భరించరానంత అవుతుంది. కనుక చేతులు మారాలి. రోవరు గొట్టాలను దిగివచ్చిన వాహనానికి అప్పగిస్తుంది. దానిమీద ఉన్న చిన్న రాకెట్టు వాటిని ఒక గుండ్రటి డబ్బాలో పెట్టుకుని పైకి లేస్తుంది. అంగారకుని చుట్టూ కక్ష్యలో ఆ డబ్బాను వదిలేస్తుంది. అప్పటికే అక్కడ తిరుగుతున్న మరో పెద్ద నౌక డబ్బాను వెతికి పట్టుకుని భూమికి తెస్తుంది. ఆ నౌకను యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ తయారుచేయాలని, పట్టుకునే యంత్రాన్ని నాసా ఇవ్వాలని ఒప్పందం కుదిరింది.

డబ్బా పరిమాణం బాస్కెట్‌బాల్ అంత. ముప్పై గొట్టాలు పట్టేలా గీశారు. బరువు తగ్గించాలి కనుక దానికి ఇంజను ఉండదు, చేతులుండవు, తనంతట తాను పక్కకు జరగలేదు. విసిరేసిన కొబ్బరికాయలా దొర్లుతూ పోతుంది.

పట్టుకోవడంలో కష్టం

మన ఇళ్ళలో నూతిలో బకెట్టు పడితే పాతాళ గరిగె వేసి తీసేవాళ్ళం. ఆడవాళ్ళకు ఈ విద్య బాగా తెలుసు. ఎందుకు సాధ్యమైంది? బకెట్టుకు కాడ ఉంది, నూతికి అడుగు ఉంది. గరిగె తగిలినా బకెట్టు ఎక్కడికీ పోదు. కక్ష్యలో కాడ లేదు, అడుగూ లేదు. ఇంటికి వెళ్ళి బాల్చీలో నీళ్ళు పోసి, ఒక నిమ్మకాయ వేసి, ఒక్క వేలితో పట్టుకోవడానికి ప్రయత్నించండి. వేలు తగిలిన కొద్దీ జారిపోతుంది. బాల్చీలో నీరైనా కాసేపటికి దాన్ని నిలబెడుతుంది. శూన్యంలో నిలబెట్టేదేదీ లేదు. పొరపాటున తట్టామంటే తట్టిన వేగంతోనే పోతూ ఉంటుంది.

అంగారకుని దగ్గరి కక్ష్యలో నౌక, డబ్బా రెండూ సెకనుకు మూడు కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంటాయి. పక్కపక్కన నడిచే రెండు రైళ్ళలాగా ఒకదానికొకటి మాత్రం దాదాపు నిలిచినట్టే కనబడాలి. చివరి దగ్గరింపు సెకనుకు కొన్ని సెంటీమీటర్లు, అంటే చీమ నడకకు కాస్త ఎక్కువ. పైగా భూమినుంచి చెప్పి చేయించే వీలు లేదు. రేడియో సంకేతం అంగారకుణ్ణి చేరడానికి ఆ గ్రహం ఉన్న దూరాన్నిబట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "పట్టుకో" అన్న ఉత్తర్వు చేరేసరికి ఆ క్షణం దాటిపోయి ఉంటుంది. నౌక తన కళ్ళతో తానే చూసి, తానే నిర్ణయించుకోవాలి. పై అధికారి సంతకానికి ఆగే పని కాదు.

ఇంతవరకు అందుకున్నవారు

అందుకోవడం కొత్త సంగతి కాదు. 1960 ఆగస్టు 19న డిస్కవరర్ 14 అనే అమెరికా ఉపగ్రహం నుంచి ఫోటో ఫిల్ము ఉన్న డబ్బా పారాచూటుతో దిగుతుంటే, పసిఫిక్ సముద్రంమీద ఒక విమానం వెనుక కట్టిన కొక్కేలతో మూడో ప్రయత్నంలో గాలిలోనే తగిలించి పట్టుకున్నారు. అయితే అది భూమి గాలిలో జరిగిన పని.

వేరే గోళం చుట్టూ మనిషి లేకుండా అందుకున్న మొదటి ఘనత చైనావారిది. 2020 డిసెంబరులో వారి చాంగ్ఎ 5 నౌక చంద్రుని కక్ష్యలో, కిందినుంచి లేచివచ్చిన వాహనాన్ని పంజాలాంటి కొక్కేలతో పట్టుకుని, డబ్బాను లోపలికి లాక్కుంది. అలా 1,731 గ్రాముల చంద్రశిల భూమికి చేరింది. 2024లో చాంగ్ఎ 6 చంద్రుని అవతలి వైపునుంచి 1,935 గ్రాములు తెచ్చింది. కాని అక్కడ లేచివచ్చిన వాహనానికి తన ఇంజన్లు తనకున్నాయి, తిన్నగా నిలబడగలదు. రెండు వైపులా చేతులు చాచి ఇచ్చిపుచ్చుకున్నారన్నమాట. అంగారకుని డబ్బా చేయి చాచదు.

గాలితిత్తి ఆలోచన

ఇక్కడికి వస్తుంది నేను చెప్పదలచిన ముఖ్య విషయం. పట్టుకునే నోరు ఎంత వెడల్పుగా ఉంటే గురి తప్పే భయం అంత తక్కువ. కాని వెడల్పాటి ఇనుప గరాటును రాకెట్టు ముక్కులో ఇరికించలేం. అందుకని ఇంజనీర్లు ఆలోచించిన మార్గాల్లో గాలితో ఉబ్బే గరాటు ఒకటి. బయలుదేరేటప్పుడు గుడ్డ మడతలా చిన్న పెట్టెలో ఉంటుంది. కక్ష్యలో గ్యాసు ఊదగానే సైకిలు ట్యూబులు చుట్టలు విప్పుకున్నట్టు విచ్చుకుని, పెద్ద నోరు తెరుస్తుంది. కాలువల్లో చేపలకు పెట్టే మావు చూశారు కదా? చేప లోపలికి సులువుగా పోతుంది, వెనక్కు రాలేదు. అదే కిటుకు. డబ్బా లోపలికి రాగానే నోటి దగ్గర ఉన్న మరో గాలిగొట్టం ఉబ్బి దారి మూసేస్తుంది.

తరువాత డబ్బాను కదలకుండా పట్టాలి. దీనికి మనందరికీ తెలిసిన పోలిక డాక్టరుగారి బి.పి. పట్టీ. లావుపాటి చేయి అయినా, సన్నటి చేయి అయినా, గాలి ఎక్కించగానే అన్నివైపులా సమంగా ఒత్తి పట్టుకుంటుంది. ఎముక విరగదు, చర్మం గీసుకోదు. దొర్లుతూ వచ్చిన డబ్బాను ఏ పక్కనుంచి వచ్చినా అలాగే పట్టుకోవచ్చు. ఇనుప దవడకు ఇనుప డబ్బా తగిలితే ఎగిరి వెనక్కు పోతుంది. మెత్తటి దిండుకు తగిలితే ఆ ఊపు దిండులో ఇంకిపోతుంది.

అంత పలచటి గుడ్డకు బలమెక్కడిదని అడగవచ్చు. భూమిమీద గాలి చదరపు మీటరుకు సుమారు పది టన్నుల బరువుతో ఒత్తుతూ ఉంటుంది. అందుకే మనకు ఏదైనా గట్టిగా ఉబ్బాలంటే ఎక్కువ గాలి కొట్టాలి. శూన్యంలో బయటినుంచి ఎదురొత్తే గాలి లేదు. మన గాలి ఒత్తిడిలో నూరోవంతు ఊదినా, చదరపు మీటరుకు వంద కిలోల తోపు వస్తుంది. తిత్తి బిగువుగా నిలబడటానికి అది చాలు.

ఇదంతా కాగితం మీది లెక్క కాదనడానికి పాత సాక్ష్యాలు చూపిస్తాను. 1960 ఆగస్టు 12న అమెరికావారు ఎకో 1 అనే వంద అడుగుల వెండిరంగు బుడగను, రెండున్నర అడుగులకు లోపలే ఉన్న గోళంలో మడిచి కక్ష్యకు పంపారు. అక్కడ విచ్చుకున్నది. లోపల చల్లిన పొడి, మన కర్పూరం బిళ్ళ హరించుకుపోయినట్టు ఆవిరై ఆ బుడగను ఉబ్బించింది. రాత్రిపూట మామూలు కంటికే కనిపించేది. 1965 మార్చి 18న రష్యన్ వ్యోమగామి లియొనోవ్ మొట్టమొదట అంతరిక్షంలో నడిచాడే, ఆయన బయటకు వచ్చిన ద్వారం కూడా గాలితో ఉబ్బే గుడ్డగొట్టమే. 1997 జూలై 4న మార్స్ పాత్‌ఫైండర్ అంగారకునిపై గాలిసంచుల మధ్య చుట్టుకుని దిగి, పదిహేను సార్లకు తక్కువ కాకుండా బంతిలా ఎగిరి క్షేమంగా నిలిచింది.

2016 ఏప్రిల్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బీమ్ అనే ఉబ్బే గది తగిలించారు. మే 26న ఊదితే అనుకున్నట్టు ఉబ్బలేదు, ఆపేశారు. చాలాకాలం మడతలో ఉండటంవల్ల గుడ్డ బిరుసెక్కింది. రెండు రోజులు ఆగి, మే 28న ఏడు గంటలపాటు కొంచెం కొంచెంగా గాలి వదిలితే విచ్చుకుంది. రెండేళ్ళకని పెట్టిన ఆ గది, కొనసాగింపు ఉత్తర్వులు పొందిన ఉద్యోగిలాగా, ఆ తరువాతా ఏళ్ళ తరబడి సామాన్లకొట్టుగా పనిచేసింది.

బీమ్ కథలోనే ఈ పద్ధతి కష్టమూ ఉంది. ఏళ్ళ ప్రయాణంలో మడత బిరుసెక్కవచ్చు. చలికి గుడ్డ పెళుసవుతుంది. ఇసుకరేణువంత ఉల్క తగిలినా చిల్లు పడవచ్చు. కనుక విడివిడి అరలు పెట్టాలి, నిల్వ గ్యాసు ఉంచాలి. ఇన్ని బరువులు తూచి చూసిన తరువాత, నాసా సిద్ధం చేస్తూ వచ్చిన నమూనాలో ప్రధానంగా గట్టి నిర్మాణమే పెట్టుకున్నారు. గాలితిత్తి ఆలోచన వృథా కాలేదు. కక్ష్యలో పోగుపడిన చెత్తను పట్టడానికీ, కిందికి దింపడానికీ అదే విద్య కావాలి.

మడి సంగతి

ఇంకొక సూక్ష్మం ఉంది. డబ్బా పైన అంగారకుని ధూళి అంటి ఉండవచ్చు. అందులో ఏముందో తెలియకుండా భూమికి తేకూడదని నియమం. మన పెద్దవాళ్ళు మడి కట్టుకున్నప్పుడు తాకిన వస్త్రం, తాకని వస్త్రం వేరుచేసినట్టే, అంగారకుణ్ణి తాకినదేదీ భూమిని తాకే వస్తువును తాకకూడదు. నౌకలో డబ్బాను ఒక పాత్రలో పెట్టి, అతుకును వేడితో మూసి, ధూళిని నిర్జీవం చేసి, దానిపై మరో పాత్ర మూయాలి. పట్టిన నోటిభాగాన్ని భూమికి తీసుకురాకూడదు. మెత్తటి తిత్తి అయితే పని కాగానే విడిచిపెట్టడం తేలిక.

మనవాళ్ళ పని

ఇందులో మనకూ వాటా ఉంది. 2017 జూన్ 23న మన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. సి 38 ఎగిరినప్పుడు ఇన్‌ఫ్లేట్‌సెయిల్ అనే ఇంగ్లాండువారి చిన్న ఉపగ్రహాన్ని కూడా మోసుకెళ్ళింది. అది కక్ష్యలో గాలిగొట్టాన్ని ఒక మీటరు ఉబ్బించి, దాని కొనను పది చదరపు మీటర్ల తెరచాపను విప్పుకుంది. ఆ ఎత్తులో ఉండే పలచటి గాలికే తెరచాప అడ్డుపడి, 72 రోజుల్లో ఉపగ్రహం కిందికి దిగి కాలిపోయింది. చెత్త మిగల్చకుండా తప్పుకోవడం ఎలాగో చూపింది.

2022 సెప్టెంబరు 3న తుంబా నుంచి ఇస్రో రోహిణి రాకెట్టులో ఉబ్బే గొడుగును పంపింది. 84 కిలోమీటర్ల ఎత్తున నైట్రోజన్ గ్యాసుతో అది ఉబ్బి, రాకెట్టు భాగాన్ని నెమ్మదిపరచుకుంటూ దిగింది. అది కెవ్లార్ గుడ్డతో చేసినది. అంగారకునిపైనా, శుక్రునిపైనా బరువులు దింపడానికి ఇది పనికివస్తుందని ఇస్రో చెప్పింది.

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచే స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు, ఒక్కొక్కటి 220 కిలోలవి, వెళ్ళాయి. 2025 జనవరి 16న అవి కక్ష్యలో చేతులు కలిపాయి. అమెరికా, రష్యా, చైనాల తరువాత నాలుగోది మన దేశం. ఇది దేనికంటే చంద్రయాన్ 4కు. చంద్రునిమీది మట్టిని తెచ్చే ఆ పథకానికి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,104 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందుకోవడం నేర్చుకోకుండా తెచ్చుకోవడం లేదు.

అందినట్టు సంతకం

ఇప్పుడు అసలు దుఃఖం చెబుతాను. అంగారకుని సరుకు సిద్ధంగా ఉందన్నాను. దాన్ని తెచ్చే పథకం ఖర్చు 800 నుంచి 1,100 కోట్ల డాలర్లు కావచ్చునని 2023 సెప్టెంబరులో ఒక స్వతంత్ర సంఘం తేల్చింది. పైగా 2040 దాకా రాదన్నారు. ఇది మోయలేమని 2024 ఏప్రిల్‌లో నాసాయే చెప్పి, చవక మార్గాలు చూడమంది. 2025లో అమెరికా ప్రభుత్వం పథకాన్ని రద్దు చేయాలని బడ్జెట్టులో ప్రతిపాదించింది. 2026 జనవరిలో వారి కాంగ్రెస్ ఆమోదించిన కేటాయింపుల్లో ఈ పథకానికి పాత రూపంలో మద్దతు దొరకలేదు. ఈలోగా చైనావారు 2028 ప్రాంతంలో తమ తియాన్‌వెన్ 3 నౌకను పంపి, వేరే చోటునుంచి అంగారకుని మట్టి తెస్తామని ప్రకటించారు. పెర్సెవరెన్స్ గొట్టాలు మాత్రం అక్కడే ఉన్నాయి.

నా సర్వీసులో ఒక సంగతి చెబుతాను. నాతో పనిచేసిన ఒకాయన రిటైరయ్యారు. ఆయన సర్వీసు రిజిస్టరు ఒక ఆఫీసునుంచి మరొక ఆఫీసుకు వెళ్ళింది. పంపినవారి దగ్గర డిస్పాచ్ నంబరు ఉంది. అందుకోవలసినవారి దగ్గర ఇన్వర్డు నంబరు లేదు. ఇద్దరిదీ తప్పు కాదట! మూడేళ్ళు తిరిగారాయన. చివరకు ఒక బీరువా వెనుక దొరికింది. మొదటి పింఛను ఆయన అందుకోలేదు, ఆయన భార్య కుటుంబ పింఛనుగా అందుకున్నది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగమంతా ఆ పుస్తకంలో సక్రమంగా రాసి ఉంది. రాసినవాళ్ళందరూ తమ పని బాగానే చేశారు. అందుకునే చెయ్యి ఒక్కటే లేకపోయింది.

సఫైర్ కాన్యన్ గొట్టం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రిజిస్టరే మనసులో మెదులుతుంది. ఈ విశ్వంలో జీవం మనకొక్కరికే దక్కిందా, పక్కింట్లో కూడా ఒకప్పుడు ఉండేదా అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉండవచ్చు, లేకపోవచ్చు. మూత తీస్తేగాని తెలియదు.

మిత్రుడి ప్రశ్నకు నా జవాబు ఇది. వేలకోట్లు అనవసరమా అంటే, ఆస్పత్రిలో మందు లేని ఊళ్ళో ఉండి అవసరమని గట్టిగా అనలేను. ఖర్చు తగ్గించుకోమనడం న్యాయమే. చవక దారి వెతకడం ఇంజనీరు ధర్మమే. ఇనుప గరాటు బదులు గుడ్డ తిత్తిని ఆలోచించిన వాళ్ళు చేసిందీ అదే. కాని పని సగంలో వదిలితే మొదటి సగానికి పెట్టిన ఖర్చూ దండగే. రాయి తీసి, మూత బిగించి, చోటు గుర్తుపెట్టి, పటం గీసి ఉంచిన తరువాత అందుకోవడానికి ఎవరూ వెళ్ళకపోవడం పొదుపు అనిపించుకోదు.

ఈ పని మొదలుపెట్టినవారిలో చాలామంది అది పూర్తయ్యేనాటికి మనలాగే రిటైరవుతారు. మనం రాసిన ఫైళ్ళు మన తరువాతి కుర్రవాళ్ళు పూర్తిచేసినట్టే ఇదీ జరగాలి. టైటానియం గొట్టానికి తుప్పు పట్టదు, రాతికి తొందర లేదు. ఈ సభకు వచ్చిన మన మనవల్లో, మనవరాళ్ళలో ఎవరికైనా ఇంజనీరింగు చదివే ఆసక్తి ఉంటే ఈ గాలితిత్తి సంగతి చెప్పండి. గుడ్డ, గాలి, అతుకు, మడత, ఇవన్నీ చిన్న ప్రయోగశాలలో కూడా నేర్వగల విద్యలే.

భోజనాలకు వేళ దాటుతోందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.  నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం ఎవరూ మరవకండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం అసలే మరవకండి. సెలవు.